ఎఫ్-6

వానాకాలం, డెంగీ రోజులు. మా తమ్ముణ్ణి సర్కారు దవాఖానలో చేర్చి మూడో రోజు. మంచానికి ఇద్దరేసి పడుకున్నారు, ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్ళు. మావాడితో మంచం పంచుకున్న పెద్దాయన, పిల్లవాడికి కాలు తగులుతుందేమోనని రాత్రంతా ముడుచుకునే ఉన్నాడు. అలాంటి మనుషులు.

మధ్యాహ్నం ఒక అవ్వ కేస్‌షీటు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"బిడ్డా, మా ముసలాయనకు మంచం రాసిండ్రు. ఏడుందో జర చూపియ్యవా?"

కాగితం మీద ఎర్ర సిరాతో 'ఎఫ్-6' అని ఉంది.

ఇద్దరం వెతకడానికి బయల్దేరాం. మంచాల తలాపున గోడకు అంటించిన కాగితాల మీద 1 నుంచి 40 దాకా ఉత్త అంకెలే. పై అంతస్తులో ఉందేమోనని మెట్లెక్కాం. అవ్వ మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ "దొరికింది గదా, గంతే సాలు" అంటూనే ఉంది. నా ఫోన్లోంచి కొడుక్కీ అదే మాట చెప్పింది.

అక్కడా లేదు. కిందికొచ్చి సిస్టరును అడిగాను. వార్డంతటికీ ఆమె ఒక్కతే. కాగితం చూసి, సెలైన్ మారుస్తున్న పని ముగించి, అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళింది. వరండాలో చాప మీదున్న ముసలాయన దగ్గరికే. ఆయన సెలైన్ సీసా కిటికీ ఊచకు వేలాడుతోంది.

"ఇదే అవ్వా. ఎఫ్ అంటే ఫ్లోరు."

అవ్వ ఏమీ అనలేదు. కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

సిస్టరు నావైపు తిరిగి గొంతు తగ్గించింది. "సాంక్షన్ అయినయి నలభై బెడ్లే సార్. స్టాఫు, మందులు, డైటు అన్నీ ఆ లెక్కకే వస్తయి. ఇయ్యాల తొంభై మంది ఉన్నరు. వెనక్కి పంపలేం కదా."

కడుపు మండింది, ఆమె మీద కాదు. వెయ్యి మందికి రెండు పడకలుండాలని 2017లో జాతీయ ఆరోగ్య విధానం రాసుకున్నాం. 2025 కల్లా ప్రభుత్వాలు జీడీపీలో 2.5 శాతం ఆరోగ్యానికి పెట్టాలనీ అందులోనే ఉంది. ఆ ఏడు వచ్చి వెళ్ళింది.

"జ్వరాల సీజను కదా అవ్వా, ఈ నాలుగు రోజులే" అని సర్దిచెప్పి పక్కన కూర్చోబోయాను. చోటు కోసం ఆమె మూట జరిపింది. వెనక గోడ మీద, నేలకు జానెడెత్తున, నల్ల పెయింటుతో ఎఫ్-6 అని ఉంది. అటు ఎఫ్-5, ఇటు ఎఫ్-7, మనుషుల వీపుల వెనక వరండా చివరిదాకా. పాత రంగు పెచ్చులూడిన చోట, దాని మీదే మళ్ళీ కొత్తగా దిద్దారు.