మూడేళ్లకే వెనకబడ్డాడు!

ఈ మధ్య మన పిల్లలు మాటలు రాకముందే వెనకబడిపోతున్నారు. మూడేళ్ల బుడతడికి ఏబీసీడీలు రావంటే ఇంటిల్లిపాదీ మొహాలు వేలాడేసుకుంటోంది. పక్క ఫ్లాట్ పిల్ల అప్పుడే వంద దాకా అంకెలు రాసేస్తోందట మరి! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అనేవారు వెనకటికి. ఇప్పుడు సోమలింగానికి పేరుతోపాటు ర్యాంకు కూడా ఖాయమైంది. నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ చూడండి: ‘నర్సరీ నుంచే ఐఐటీ పునాది’. బొమ్మలో బుడతడికి కోటు, టై, కళ్లజోడు. ప్యాంటు లోపల డైపరు ఉందో లేదో ఫొటో తీసినవాడికే తెలియాలి.

పునాది తవ్వాలంటే ముందు ఇంటర్వ్యూ గట్టెక్కాలి. ‘వాట్ ఈజ్ యువర్ నేమ్?’ అని మేడమ్ అడిగితే బుడతడు ఆవిడ మెళ్లోని ఐడీ కార్డు పట్టుకుని లాగుతాడు. కొత్త మనిషంటే బెరుకు లేదు, కొత్త వస్తువంటే కుతూహలం ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? మేడమ్ మాత్రం ‘నాట్ రెడీ’ అని రాసుకుంటుంది. నర్సరీ ప్రవేశాలకు పరీక్షలూ ఇంటర్వ్యూలూ వద్దని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. ఆ నివేదిక ఇంకా అడ్మిషన్ గదిలోకి రాలేదు. బహుశా ఇంటర్వ్యూలో తప్పి ఉంటుంది.

ఎలాగో సీటొచ్చాక చేతికి నాలుగు గీతల కాపీ ఇస్తారు. చూసి గుండ్రంగా సున్నా చుట్టడం పిల్లలకు మూడేళ్లప్పుడు వస్తుంది. ప్లస్ గుర్తు గీయడానికి నాలుగేళ్లు రావాలి. ఏటవాలు గీతలతో త్రిభుజం గీయడమంటే దాదాపు అయిదేళ్లు. మరి మనవాళ్లు మొదటిరోజే దిద్దించేదేమిటి? క్యాపిటల్ ఏ! రెండు ఏటవాలు గీతలు, మధ్యలో ఓ అడ్డగీత. ఆఖర్న రావలసింది ముందు రాలేదని డైరీలో ఎర్రసిరా. మణికట్టులో ఉండాల్సిన ఎనిమిది చిన్న ఎముకలూ పుట్టినప్పుడు మెత్తటి మృదులాస్థే. మూడేళ్లకు సాధారణంగా వాటిలో సగం కూడా ఎముకగా మారవు. పచ్చి కాంక్రీటు మీద పై అంతస్తు లేపుతానంటే మేస్త్రీని తన్ని తరిమేస్తాం. ఇక్కడ మాత్రం డొనేషన్ కట్టి దణ్ణం పెట్టి వస్తున్నాం.

డైరీలో రెండో ఫిర్యాదు: ‘కుదురుగా కూర్చోడు’. కూర్చుంటేనే కంగారు పడాలి. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలించాలనీ, పది నుంచి పదమూడు గంటలు నిద్రపోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వ్యాను, బడి, హోంవర్కు, ఆపైన ట్యూషను పోగా మిగిలిన సమయంలో ఇవన్నీ కానివ్వాలంటే బుడతడు నిద్రలోనే పరిగెత్తాలి.

ఇక బడి బోర్డు మీద పేరున్న మాంటిస్సోరి గారి సంగతికొద్దాం. 1907లో రోమ్‌లో బాలగృహం తెరిచిన ఆవిడ 1939లో మన మద్రాసుకే వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పిల్లలు తమకు నచ్చిన పని తామే ఎంచుకోవాలి, నీళ్లు ఒంపుకోవాలి, బొత్తాలు పెట్టుకోవాలి అన్నారు. మనవాళ్లు ఆవిడ పేరు గేటుకు తగిలించి, లోపల బెంచీలు వరసగా వేసి, నీళ్లు ఒంపినవాడితో గోడ కుర్చీ వేయిస్తున్నారు.

ఇంట్లో అమ్మమ్మ పక్కన చేరి చిక్కుడుకాయల ఈనెలు తీస్తే, చింతగింజలు ఏరి గిన్నెలో వేస్తే వేళ్లకు పట్టు అదే వస్తుంది. కానీ అమ్మమ్మ దగ్గర రశీదు ఉండదు కదా! అందుకే ‘చదువు పాడవుతుంది’ అని పిల్లాణ్ణి వంటింట్లోంచి లాక్కొచ్చి, అదే పనికి ప్లాస్టిక్ గింజల డబ్బా కొంటాం. దాని పేరు ఫైన్ మోటార్ స్కిల్స్ కిట్. ఫీజులో కలపరు, వేరే కట్టాలి.

తల్లిదండ్రులకు ఒక్క సలహా. ఏదైనా రెండో తరగతికి వెళ్లి నోటుపుస్తకాలు తిరగేయండి. క్యాపిటల్ ఏ మూడేళ్లకు నేర్చిందెవరో, అయిదేళ్లకు నేర్చిందెవరో రాత చూసి పట్టుకోండి. పట్టుకోలేకపోతే వాళ్ల నాన్నల బ్యాంకు పాసుపుస్తకాలు అడగండి, ఇట్టే తెలిసిపోతుంది.