నేను బేర్ సరాయ్ జిరాక్సు నోట్సుని

నా మూలప్రతి ఎక్కడుందో నాకు తెలియదు. ఎవరో టాపరు చేత్తో రాసుకున్న జాగ్రఫీ నోట్సుకి జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు. ఆ వరసలో ఎన్నో తరందాన్నో నేను. పుట్టింది మాత్రం దక్షిణ ఢిల్లీలో, పాత జేఎన్‌యూ క్యాంపస్‌కి ఎదురుగా ఉన్న బేర్ సరాయ్‌లో. సివిల్స్‌కి చదివే పిల్లలు అద్దె గదుల్లో కిక్కిరిసి ఉండే ఊరది. మెషీన్‌లోంచి వేడివేడిగా బయటపడ్డాను. స్పైరల్ గుచ్చారు, పైన పారదర్శకమైన అట్ట వేశారు. మా వంశంలో ఎవరి కాలంలో జరిగిందో గానీ, డెల్టా బొమ్మ పక్కకి జరిగి సముద్రం సగం తెగిపోయింది.

నన్ను కొన్నది కృష్ణా జిల్లా అమ్మాయి. ఢిల్లీలో 2019 అక్టోబరు నుంచి ఆడవాళ్లకి సిటీ బస్సు ఉచితం కదా, ఆ గులాబీ టికెట్లే నాలో పేజీ గుర్తులయ్యాయి. సంక్రాంతికి అమ్మమ్మ ఊరు వెళ్తూ నన్నూ సంచిలో పడేసుకుంది. సెలవుల్లో చదువుతానని పుస్తకాలు మోసుకెళ్లడం ఈ జాతి లక్షణం, చదవరు.

విజయవాడలో పల్లెవెలుగు ఎక్కాం. కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఇక్కడా ఆడవాళ్లకి ఉచితమే. ఆ టికెట్టు కూడా నాలోకే వచ్చింది. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. ఒక్కో ఊళ్లో గంపలు దిగాయి, పిల్లలు ఎక్కారు. పులిగడ్డ అక్విడక్టు దగ్గర నేను సంచిలోంచి తొంగిచూశాను. నది మీద వంతెన చాలాచోట్ల ఉంటుంది. ఇక్కడ నది మీదుగా కాలువే దాటుతుంది, దివిసీమ పొలాలకి నీళ్లు మోసుకుని. ఆ చుట్టుపక్కలే కృష్ణ రెండుగా చీలుతుంది. రెండు పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే దివిసీమ. నాలో దీని గురించి ఉన్నది ఒకటిన్నర లైను.

అవనిగడ్డలో దిగితే ప్రాణం లేచొచ్చింది. వీధి నిండా నా చుట్టాలే! డీఎస్సీ కోచింగ్‌కి పేరుపడ్డ ఊరది. టీచరు ఉద్యోగం కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి గదులు తీసుకుని చదువుతారు. అవే జిరాక్సు షాపులు, అవే స్పైరళ్లు, అవే కళ్లజోళ్లు. నాదేమో ఇంగ్లిషు మీడియం, కొంచెం టెక్కు చూపిద్దామనుకున్నా. పక్క బల్ల మీద తెలుగు మెథడాలజీ నోట్సు నాకంటే రెండింతలు లావుంది. నోరు మూసుకున్నాను.

మర్నాడు నాగాయలంక మీదుగా ఏటిమొగ వెళ్లాం. అక్కడ రోడ్డు అయిపోయి రేవు వస్తుంది. అవతల ఎదురుమొండి, దీవిలో దీవి. దాటాలంటే పంటే దిక్కు. మోటారు సైకిళ్లు, బియ్యం బస్తాలు, బడిపిల్లలు అంతా ఒకే పంటు మీద. అమ్మాయి నన్ను తెరిచి తుపాన్ల పేజీ తిప్పుతుంటే పక్కనున్న ముసలామె అడిగింది.

"ఏం చదువుతున్నావమ్మా?"

"ఉప్పెన గురించి మామ్మా. డెబ్బై ఏడుది."

"దాన్ని చదివేదేవుందే! మా ఆయన రాత్రంతా తాటిచెట్టు పట్టుకున్నాడు. తెల్లారి దిగితే ఊరెక్కడుందో తెలీలా."

నాలో ఉన్నది ఇదీ: 1977 నవంబరు 19, పది వేలకు పైగా మృతులు, కారణాలు లోతులేని సముద్రం, పల్లపు నేల. తప్పేం లేదు, మార్కులూ పడతాయి. కానీ తాటిచెట్టు లేదు. అమ్మాయి నా మార్జిన్లో పెన్సిలుతో ఏదో గీకింది.

అవతల అంతా నడకే. రొయ్యల చెరువుల గట్ల మీదుగా, ఏరేటర్ల చప్పుడు మధ్య. చెరువులు దాటాక మడ అడవి. నాలో 'శ్వాస వేళ్లు' అని చక్కటి బొమ్మ ఉంది. ఇక్కడ ఆ వేళ్లు బురదలోంచి పెన్సిలు ముక్కల్లా పొడుచుకొచ్చి, ఒకటి అమ్మాయి చెప్పులోకి దిగింది. ఉప్పునీటి బురదలో వేళ్లకి గాలి అందదు, అందుకే పైకొచ్చి పీల్చుకుంటాయి. చెప్పు ఊడదీసుకుంటూ ఆ సంగతే నాకు వినిపించేలా అప్పజెప్పింది. బావురుపిల్లి ఉండే చోటట. పాదముద్రలు కనిపించాయి గానీ, పిల్లివో కుక్కవో చెప్పేంత చదువు మా ఇద్దరికీ లేదు. సముద్రం వైపు చూస్తే ఎక్కడ నది ఆగిందో ఎక్కడ ఉప్పు మొదలైందో అంతుపట్టలేదు. తెగిపోయిన నా బొమ్మే నయం, కనీసం గీతైనా ఉంది.

రేవుకి పరిగెత్తుకొచ్చి పంటు అందుకున్నాం. నా మార్జిన్లో మరో లైను పడింది: 'ఆఖరి పంటు ఎప్పుడో ముందే అడగాలి.'

ఢిల్లీ చేరాక పక్కగది బీహారు కుర్రాడు నన్ను అడిగి తీసుకెళ్లి జిరాక్సు తీయించుకున్నాడు, మార్జిన్లతో సహా. అతనికి తెలుగు రాదు. ఇదేదో పరీక్షలో తప్పక వచ్చే పాయింటనుకున్నాడేమో, ఆ పంటు లైను కింద ఎర్రపెన్నుతో రెండు గీతలు కొట్టాడు.