విలువలకు మూడు క్రెడిట్లు

మన ఇంజినీరింగ్ కుర్రాడికి సమాజం మీద ప్రేమ పుట్టేది సరిగ్గా మూడో ఏడాది చివర్లో. అంతకుముందు పుడితే బ్యాక్‌లాగులు అడ్డొస్తాయి, తర్వాత పుడితే దరఖాస్తు గడువు దాటిపోతుంది. ఆ ముహూర్తానికి అతను అమీర్‌పేటలో ఏదో కన్సల్టెన్సీ మెట్లెక్కుతాడు. నీ విలువలేంటి, చేసిన సేవేంటి, పదేళ్లకు ఏమవుతావ్, వ్యాసం రాయి అని అమెరికా యూనివర్సిటీ అడిగింది మరి. ఇంట్లో ఇన్నేళ్లూ అడిగింది ఒక్కటే: ర్యాంకెంత?

కొడంగల్ కుర్రాడైతే కన్సల్టెంటుకు పండగే. 'వెనకబడిన ప్రాంతం నుంచి వచ్చాను' అనే మొదటి వాక్యం రెడీగా ఉంటుంది. తెలంగాణ ముఖ్యమంత్రి నియోజకవర్గం అన్న సంగతి మాత్రం రాయనివ్వడు. రెండూ ఒకే పేరాలో ఇమడవట.

విలువల విషయంలో పైవాళ్లను తప్పు పట్టలేం. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ తన నమూనా సిలబస్‌లో 'సార్వత్రిక మానవ విలువలు' అని ఏకంగా ఒక సబ్జెక్టు పెట్టి మూడు క్రెడిట్లిచ్చింది. సేవకూ కొలత పెట్టింది: నాలుగేళ్లలో వంద యాక్టివిటీ పాయింట్లు. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ నినాదమేమో 'నేను కాదు, మీరు'. ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు చీపురు దగ్గర ఈ నినాదం అక్షరాలా అమలవుతుంది. ఫొటో దగ్గరే కాస్త తిరగబడుతుంది. ముందురోజు పంచాయతీవాళ్లు ఊడ్చిన వీధినే మళ్లీ ఊడ్చి, పోయినేడు తవ్విన గుంతలోనే మొక్క నాటుతారు. మొక్క ఒకటే, పట్టుకున్న చేతులు ఇరవై.

ఇదే కుర్రాణ్ణి దసరా సెలవుల్లో ఊళ్లో చూడాలి. పళ్లు తోముకోకముందే పక్కింటి కాక పాసుపుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. "బిడ్డా, రైతు భరోసా పైసలు పడలే. జర ఫోన్ల చూడరాదు." ఆధార్‌లో ఒక పేరు, పాసుపుస్తకంలో ఇంకో పేరు, బ్యాంకులో ఇంటిపేరు చివర్న. భూరికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది గానీ ఓటీపీ ఎక్కడికీ పోలేదు. అది వచ్చే ఫోను పుణెలో కూలికి పోయిన కొడుకు దగ్గరుంది. అతను ఎత్తి నంబరు చెప్పేలోపు గడువు అయిపోతుంది. మళ్లీ మొదటికి. ఆ వెనకే అవ్వ. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఆ కంది కోసి కోసి అరిగిన అవ్వ వేలికి వేలిముద్ర మిషను దగ్గర గుర్తింపు రాదు. సాయంత్రం బోరు స్టార్టరు. "నాది కంప్యూటర్ బ్రాంచి కాకా, మోటర్లు రావు" అంటే, "మరి ఇంజినీర్ ఎట్లయితవ్‌రా?" అని కాక నిజంగానే దిగులుపడతాడు.

ఈ చాకిరీ ఏదీ సేవ కిందికి రాదు. బ్యానరు లేదు, సర్టిఫికెట్ లేదు. "ఇది ఇంటిపని తమ్ముడూ, బాలికా విద్య మీద ఏమైనా చేశావా?" అంటాడు కన్సల్టెంటు. చేయలేదు. అయినా రాశారు.

కొడంగల్ నియోజకవర్గంలోనే ఉన్న లగచర్లలో 2024 నవంబరులో ఫార్మా విలేజ్ భూసేకరణ మీద జరిగిన గొడవ రాష్ట్రమంతా చూసింది. తర్వాత ప్రభుత్వం ఫార్మా మాట వెనక్కి తీసుకొని పారిశ్రామిక పార్కు అంది. ఫ్యాక్టరీ మురుగు ఏ వాగులో కలుస్తుంది, భూమి పోయినవాడికి ఏ పని దొరుకుతుంది? ఇంజినీరన్నవాడు తలబద్దలు కొట్టుకోవాల్సిన ప్రశ్నలే ఇవన్నీ. మనవాడి వ్యాసంలో 'సుస్థిర అభివృద్ధి' నాలుగు చోట్ల ఉంది, లగచర్ల ఒక్కచోటా లేదు. వీసాకు మంచిది కాదట.

చివరి పేరా ఆశయం: 'చదువు ముగించి మాతృభూమికి తిరిగొచ్చి పల్లెలకు సేవ చేస్తాను.' వీసా ఆఫీసరుకు వినసొంపుగా ఉంటుందని ఏళ్ల తరబడి అందరూ రాస్తున్న వాక్యమే. అయితే 2025 సెప్టెంబరులో ట్రంప్ గారు కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా అర్జీలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. మినహాయింపులు ఉన్నాయిలెండి. కానీ మనవాళ్ల వాక్యాన్ని ఇంత సీరియస్‌గా తీసుకున్న పాఠకుడు ఇన్నాళ్లకు దొరికాడు.

కనుక ఏఐసీటీఈ వారికో మనవి. ఓటీపీ ఒకటికి ఒక పాయింటు, అవ్వ వేలిముద్ర పడితే అయిదు చొప్పున ఇప్పించండి. కొడంగల్ పిల్లలు మొదటి సెమిస్టరు దాటకుండానే వంద కొట్టేస్తారు. ఫొటో అడక్కండి, ఫోను కాక చేతిలో ఉంటుంది.