తల్లి సాక్ష్యము చెల్లునా?

ఉయ్యూరులో అభిప్రాయము లేని మనిషి లేడు. పుల్లేరు కాలువకు నీరెప్పుడు వదలవలసినదో, 1941 నాటి కె.సి.పి. వారి చక్కెర కర్మాగారమున ఈ యేటి క్రషింగు ఎన్నాళ్ళు సాగునో, మాఘమాసపు వీరమ్మతల్లి తిరునాళ్ళకు పోయిన యేటికంటె ఈ యేడు జనము పెరిగినదో తరిగినదో, బందరు రోడ్డున బస్సుకై వేచియున్నవారిలో ఎవరినడిగినను తడుముకొనక చెప్పుదురు. అడుగకున్నచో మఱింత విపులముగ చెప్పుదురు. ఇట్టి పౌరుల కడుపున పుట్టి, కూరలోని ఉప్పు మొదలు సినిమాలోని పోరాటము వఱకు సమస్తమునకు తీర్పు చెప్పగల పిల్లలు, సాంఘికశాస్త్రపు గంట మ్రోగి శాతవాహనుల పుట తెఱవగానే మౌనవ్రతము పూనిన మునులగుట చూచి నేను చాలకాలము విస్మయము నొందుచు వచ్చితిని.

కారణము దూరమున లేదు. రసము వేఱొకరు పిండుకొనగా మిగిలిన పిప్పి యెట్టిదో చెరుకు పండించు సీమవారికి చెప్పనక్కఱలేదు. చరిత్రలోని కలహము, అసూయ, సందేహము, గొప్పలు, బొంకులు పాఠ్యపుస్తకము చేరులోపల నెవరో తీసివేయగా, పేర్లును సంవత్సరములును మాత్రమే పిల్లవాని పాలబడుచున్నవి. ఉపాధ్యాయ శిక్షణలో పాఠారంభమున ఉన్ముఖీకరణమను సోపానమొకటి నేర్పుదురు గాని, దానిని మేము నడపు తీరు లోకవిదితము. "అమరావతి ఏ నది ఒడ్డున ఉన్నది?" అని అడుగుదుము, "కృష్ణా నది!" అని తరగతి యెల్ల అఱచును; అఱచినవారు వెంటనే విశ్రమింతురు. కృష్ణనీరు త్రాగి పెరిగిన పిల్లవాడు ఆ జవాబునకై తన బుద్ధిలో కాసంత యైనను వెచ్చింపనక్కఱలేదు. కావున పుస్తకమున జవాబు లేనిదియు, నాకును నిశ్చయముగ తెలియనిదియు, పిల్లవాడు ఇంటికి పోయి తండ్రితో వాదించుటకు వీలైనదియు నగు ప్రశ్న నొకదానిని నల్లబల్లపై వ్రాసి, పది నిమిషములు తగవులాడనిచ్చిన పిమ్మటనే పుస్తకము తెఱవవలెనని నియమము చేసికొంటిని.

అభిప్రాయము నడుగుటలోను తారతమ్యము కలదు. "అశోకుడు మంచివాడా, చెడ్డవాడా?" అనునది ప్రశ్నలలో చేరదు, దానికి వచ్చు "మంచివాడండీ" యను బృందగానము పరీక్షాభయమున పుట్టినది. అందుచే నేను, "నిన్ను కొట్టినవాడు నీకు తప్ప వీధిలోని వారందఱికిని క్షమాపణ చెప్పుకొన్నచో దానిని క్షమాపణ యందువా?" అని వ్రాసితిని. కొట్టినవారును దెబ్బలు తిన్నవారును అదే గదిలో నుండుటచే సాక్ష్యములకు కొదువ లేకపోయెను. ఆ వేడి చల్లాఱకమునుపే, కళింగమున లక్షమంది హతులైరనియు, లక్షన్నర మంది చెఱగొనిపోబడిరనియు అశోకుడు తానే యొప్పుకొని వగచిన పదుమూడవ శిలాశాసనమును గూర్చి చెప్పి, అది మన కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలపై కలదు గాని, కళింగములోని ధౌలి, జౌగడలయందు చెక్కింపబడలేదని తెలిపితిని. ఏడాది పొడవునను నోరు మెదపని పిల్లవాడొకడు చివరి వరుసనుండి లేచి, "అయితే మాస్టారూ, తన్నింది వాళ్ళని, సారీ చెప్పింది మనకా?" అనెను. పండితులు గంభీరభాషలో పుటల కొలది చర్చించిన విషయమును ఇంతకన్న పొట్టిగ చెప్పినవారిని నేనెఱుగను. వెంటనే ముందు వరుసలోని ఆడపిల్ల, "వాళ్ళకి మళ్ళీ గుర్తు చేస్తే ఇంకా ఏడుస్తారని మానేశాడేమోనండీ" అని చక్రవర్తి పక్షమున వకాల్తా పుచ్చుకొనెను. ఆ చోటుల దానికి మాఱుగ, అధికారులు ప్రజలను న్యాయముగ చూడవలెనను వేఱు శాసనములు చెక్కింపబడెనని నేను చెప్పగా ఆమె గెలిచినట్లు కూర్చుండెను; వాడు మాత్రము ఓడినట్లు నేటికిని అంగీకరింపలేదు.

ఈ పద్ధతికి పట్టాభిషేకము జరిగినది శాతవాహనుల పాఠమునాడు. ఆనాటి ప్రశ్న: "కొడుకును గూర్చి తల్లి చెప్పిన మాట సాక్ష్యముగ చెల్లునా?" మగపిల్లలు ఏకకంఠముగ చెల్లదనిరి, తమ్మును గూర్చి తల్లులు ఇరుగుపొరుగులతో నేమి చెప్పుదురో వారికంటె బాగుగ నెఱిగినవారెవరు? ఒకడు లేచి, "మా అమ్మ నేను తెల్లారగట్ట నాలుగింటికే లేచి చదువుతానని అందరికీ చెబుతుందండీ" అని ఉదాహరణమును గూడ సమర్పించెను. తల్లికి తెలియనిది లోకమున నుండునా యని ఆడపిల్లలు ప్రతివాదమునకు దిగిరి. తుద కొకతె, అమ్మ పొరుగింట పొగడును, సొంతయింట తిట్టును, గావున రెంటిని కలిపి సగము చేసికొనవలెనని మధ్యేమార్గము చూపెను.

అప్పుడు నాసికలోని గుహాశాసనమును విప్పితిని. మనుమడు పులుమావి ఏలుబడి 19వ యేట గౌతమీ బాలశ్రీ యను ముదుసలి రాణి, తన కొడుకగు గౌతమీపుత్ర శాతకర్ణిని కీర్తించుచు చెక్కించినది యది. ఆతడు శక యవన పహ్లవులను రూపుమాపినవాడు. క్షహరాత వంశమును నిర్మూలించినవాడు. ఆతని వాహనములు మూడు సముద్రముల నీరు త్రావినవి. మొగము సూర్యకిరణములకు విచ్చిన తామర. నడక మేటి యేనుగు నడక. పరాక్రమమున రామ కేశవార్జున భీమసేనులకు సాటి. ఇన్ని ఘనకార్యముల నడుమ, తల్లికి ఎడతెగక శుశ్రూష చేసినవాడని గూడ ఆమె మఱవక చేర్పించెను. "చూశారా మాస్టారూ, అసలు సంగతి అక్కడుంది!" అని నాలుగింటికి లేచువాడు కేకవేసెను.

అంతటితో విడిచినచో అది బస్టాండు ప్రక్కని టీ దుకాణపు చర్చయే యగును. అభిప్రాయమునకు ఎదురుగ నొక రాయియో, రాగిరేకో, నాణెమో వచ్చి నిలిచిననే గాని అది చరిత్ర కాజాలదు. కావున 1906లో నాసిక దగ్గఱి జోగల్‌తెంబిలో బయల్పడిన నిధిని రంగమునకు తెచ్చితిని. పదుమూడువేలకు పైబడిన ఆ వెండి నాణెములు క్షహరాత ప్రభువగు నహపానునివి. వానిలో మూడింట రెండువంతులకు మించి నాణెములపై శాతకర్ణి తన ముద్రను మఱల కొట్టించియుండెను. ఓడినవాని మొగముపై గెలిచినవాని ముద్ర పడినదని వినగానే మగపిల్లల పక్షము కొంత సడలెను. క్షహరాతుల మాట వఱకు ముసలమ్మ సాక్ష్యము చెల్లినదని తీర్మానమైనది. తామర మొగమును ఏనుగు నడకయు విచారణలోనే యుండిపోయినవి.

"గుడికి ఫాను ఇచ్చినవాడు రెక్కలపై తన పేరు వ్రాయించుకొనవచ్చునా?" అనునది మఱియొక ప్రశ్న. ఇది మా యూర మిక్కిలి సుకుమారమైనది, ఏలనగా దాతల మనుమలు తరగతిలోనే యుందురు. ఫాను తిరుగునప్పుడు పేరు కానరాదు గావున దోషము లేదని యొకడు వాదించెను. కరెంటు పోయి చెమటలు కాఱునప్పుడే ఆ పేరు చదువవలసి వచ్చుననియు, దాత కది పుణ్యప్రదము కాదనియు వేఱొకడు ఖండించెను. నాగార్జునకొండలో, ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని 14వ యేట, బోధిసిరి యను ఉపాసిక తన దానములతో పాటు తల్లిదండ్రులు, భర్త, తోబుట్టువులు మొదలుగాగల చుట్టముల పట్టిక నెల్ల రాతి కెక్కించెననియు, ఆ దానములలో కంటకసోల మహాచైత్యపు తూర్పు వాకిట కట్టించిన రాతిమండపమొకటి కలదనియు, భూగోళకర్త టాలెమీ పేర్కొన్న రేవగు ఆ కంటకసోల మన ఘంటసాలయే యనియు చెప్పితిని. "మా అమ్మమ్మగారి ఊరండీ!" అని యొక పిల్ల ఆ మండపము తన తాతలదే యన్నట్లు లేచి నిలిచినది. పేరు చెక్కించుకొనకున్నచో ఆ యిల్లా లొకతె యుండెనని మనకు తెలిసెడిదా యని ఆమె యడుగగా, ఫాను దాత మనుమడు ఊపిరి పీల్చుకొనెను.

"పాడుదిబ్బలో దొరకిన రాయి ఎవరిది?" అను ప్రశ్నయు మంచిదే. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి క్రొత్తపట్టణమునకై అమరావతి దిబ్బను త్రవ్వుచుండగా 1797లో మెకంజీదొర వచ్చి చూచుట, ఇలియట్‌దొర 1845లో త్రవ్వించిన శిలలు 1859లో మదరాసున ఓడనెక్కి లండను చేరుట, ఇవన్నియు దానివెంట వచ్చును. కాని పొలము గట్టు తగాదా గల యిండ్ల పిల్లలున్న తరగతిలో దానిని వేయరాదు. అనగా ఉయ్యూరులో ఏ తరగతిలోను వేయరాదు.

ఆ సంవత్సరాంతపు పరీక్షలో గౌతమీపుత్ర శాతకర్ణి విజయములను వ్రాయుమను ప్రశ్న వచ్చినది. నాలుగింటికి లేచువాడు శక, యవన, పహ్లవులలో నొక్కొక్కరి పేరి కెదురుగ "వాళ్ళ అమ్మ చెప్పిన ప్రకారం" అని వ్రాసి, నహపానుని దగ్గఱ మాత్రము "ఇది నాణేల ప్రకారం" అని క్రింద గీత గీసెను. దిద్దినవారు ఎఱ్ఱసిరాతో "అప్రస్తుతము" అని చేర్చి మార్కులు తగ్గించిరి. మఱునాడే వాని తల్లి బడికి వచ్చి నన్ను నిలవేసినది: "ఏమిటండీ మాస్టారూ ఇది? మావాడు చదవకుండా రాసే రకం కాదు. తెల్లారగట్ట నాలుగింటికల్లా లేచి కూర్చుంటాడు. వాడి సంగతి నాకంటే ఎవరికి తెలుసండీ?" పుత్రరత్నము ఆమె వెనుక నిలిచి, సగము చేసికొనుడని నాకు చేతులతో సైగ చేయుచుండెను.