నాకు కాదు, కత్తికి

మా నెల్లూరులో వెన్నకు రెండే అవస్థలు. ఫ్రిజ్‌లోంచి తీసిన క్షణాన దాంతో గోడకు మేకులు కొట్టొచ్చు. బల్ల మీద పెట్టి, పేపరు తిరగేసి చూసేసరికి గిన్నెలో నూనె. ఈ రెంటికీ మధ్య, బ్రెడ్డు మీద రాసుకోవడానికి పనికొచ్చే ఘడియ ఒకటుంటుంది. ఆ ఘడియలో నేనెప్పుడూ స్నానాల గదిలోనే ఉంటాను. మీరూ అంతేనని నాకు తెలుసు, మొహమాటపడకండి.

స్టీలు చాకుతో ఆ గట్టి వెన్నను రాయబోతే బ్రెడ్డుకు చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి మా ఆవిడ కనిపిస్తుంది. "హాయిగా ఇడ్లీ తినొచ్చుగా" అంటుంది. తినొచ్చు. కానీ రిటైరయ్యాక పొద్దున్నే బ్రెడ్డూ వెన్నా తినే మనిషిగా మారాలని నేనొక నిర్ణయం తీసుకున్నాను. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో రాని హోదా కనీసం టిఫిను దగ్గరైనా రావాలి కదా!

అలాంటి రోజుల్లో, స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి వీడియోలో మాట్లాడుతూ బ్రెడ్డు మీద వెన్న రాసుకుంటోంది. చేతిలో చెక్క కత్తి. వెడల్పుగా, మొద్దుగా, ఏ నగిషీ లేకుండా ఉంది. అదేంటమ్మా అన్నాను. అక్కడ ఇంటింటా ఉండేదేనట. బడిలో ఆడామగా తేడా లేకుండా పిల్లలందరూ చేతిపనులు నేర్చుకోవాలి. చెక్కపనిలో మొదట్లో చేయించే వస్తువుల్లో ఈ వెన్న కత్తి ఒకటట. చాలావాటిని జునిపర్ కర్రతో చేస్తారు. నెమ్మదిగా పెరిగే చెట్టు కాబట్టి కర్ర సన్నటి పోగుతో గట్టిగా ఉంటుంది, పైగా మంచి వాసన.

అమ్మాయి అక్కడితో ఆపింది. నేను ఆపలేదు. గోథెన్‌బర్గ్ పక్కనే నేస్ అనే చోట 1870ల్లో ఓటో సాలమన్ అనే ఆయన ఈ చేతిపనులు నేర్పే ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టాడనీ, దేశదేశాల నుంచి పంతుళ్ళు అక్కడికెళ్ళి నేర్చుకొచ్చారనీ చదివాను. చదివినదంతా సాయంత్రం నడకలో మిత్రులకు చెప్పాను. మర్నాడు కూడా చెప్పాను. ఆ తర్వాత వాళ్ళు పొద్దున నడవడం మొదలుపెట్టారు.

"ఒకటి పంపించమని అడగనా?" అంది మా ఆవిడ. నాకు పౌరుషం వచ్చింది. చెక్క చెంచాలకీ ఫోర్కులకీ పేరుపడ్డ ఉదయగిరి మన జిల్లాలో పెట్టుకుని స్వీడన్‌ను అడగడమా? అక్కడి చెక్క సామానుకు జీఐ గుర్తింపు కూడా ఉంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి వంటి కర్రలను రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి, చేత్తో చెక్కుతారు. ఆడవాళ్ళే ఎక్కువగా ఈ పనిలో ఉంటారు. "పద" అన్నాను. కృష్ణదేవరాయలు కూడా ఉదయగిరి కోటను పట్టుకోవడానికి ఇంత ఉత్సాహంతో బయల్దేరి ఉండడని మా ఆవిడ బస్సెక్కుతూ అంది.

చెక్క కత్తిని ఎలా ఎంచాలో నేను అప్పటికే కంఠతా పట్టి ఉన్నాను. కర్ర పోగు పిడి నుంచి కొస దాకా నిలువుగా పారాలి. అడ్డంగా పారిందంటే గట్టి వెన్న దగ్గర పుటుక్కుమంటుంది. ముడి ఉండకూడదు. రంధ్రాలు పెద్దగా ఉండే కర్ర పనికిరాదు, జిడ్డు లోపలికెళ్ళి కూర్చుంటుంది. అంచు పలచగా ఉండాలి గానీ పదును అక్కర్లేదు, కోసేది కాదు కదా. వార్నిషు అసలే ఉండకూడదు, అది వెన్నతో పాటు మన కడుపులోకి పోతుంది. ఇవన్నీ నిజమే, రాసుకోండి. ఈ పరీక్షలన్నీ నేను వరసగా చేశాను. వెలుతురుకు పెట్టి చూశాను, వాసన చూశాను, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టాను.

అక్కడ చెక్కుతున్నావిడ పని ఆపి, "ఏంది సార్, పుచ్చకాయ అనుకున్నారా, కొట్టి చూస్తా ఉండారు?" అంది.

ఇన్ని పరీక్షలు పెట్టిన మనిషిని కాస్తా ఒక కత్తి చూడగానే పడిపోయాను. అలుగు నిండా సన్నటి జాలీ పని, లతలూ పూలూ, పిడి మీద చిలక. దాన్ని వదలబుద్ధి కాలేదు. మా ఆవిడ మాత్రం పక్కన బుట్టలో ఉన్న నున్నటి మొద్దు కత్తిని బొటనవేలితో ఒకసారి తడిమి, "ఇది చాలు" అంది. నా చేతిలో దాన్ని చూసి, "ఆ చిల్లుల్లో దూరిన వెన్న ఎవరు తీస్తారు?" అని అడిగింది. "కళ" అన్నాను. నేననుకున్నంత గంభీరంగా రాలేదు ఆ మాట.

చిల్లుల్లో దూరిన వెన్న నేనే తీశాను. అగ్గిపుల్లతో, రోజూ, సింకు దగ్గర నిలబడి. చిలక ముక్కులో ఇరుక్కున్నదానికి చెవిలో పెట్టుకునే దూదిపుల్ల వాడాల్సి వచ్చింది.

ఇక సంరక్షణ. చెక్కను నానబెట్టకూడదు, నీళ్ళు తాగి ఉబ్బి, ఆరి ముడుచుకుని, ఆ తర్వాత పగులుతుంది. గిన్నెలు తోమే మిషనులోనైతే అసలే పెట్టకూడదు. తడి గుడ్డతో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. ఇదంతా మా ఆవిడకు విడమరచి చెప్పాను. ఆవిడ పప్పుగుత్తి కడుగుతూ విన్నది. ఆ పప్పుగుత్తి మా అత్తగారిది. "పాపం, మా అమ్మకు ఇవేవీ తెలియవు" అంది.

కొత్త కత్తిని ఒకసారి తడిపి ఆరబెడితే పోగులు పైకి లేస్తాయి, సన్నటి గరుకు కాగితంతో రుద్దితే నున్నగా అవుతుంది. అంతవరకు బాగానే చేశాను. తర్వాత నూనె పట్టించాలి. వంటింట్లో ఉంది కదా అని వేరుశెనగ నూనె రాశాను. కొన్నాళ్ళకు కత్తి బంక బంకగా తయారై, అడుగున నాలుగు ముక్కలు మిగిలిన పాత జంతికల డబ్బా వాసన వేసింది. ఆరని నూనెలు అంతే, కర్రలోనే పాడవుతాయి. అవిసె నూనె నయమట, గాలి తగిలి గట్టిపడుతుంది. అయితే ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పారేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. ఇల్లు కాపాడే బాధ్యత నాది కనుక గుడ్డను విప్పి తీగ మీద ఆరేశాను. అది కుట్టించుకోవాలని ఆవిడ దాచుకున్న జాకెట్టు ముక్క అని ఆరేశాకే తెలిసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో వేడెక్కినది గుడ్డ కాదు.

పాడవనిదీ, వాసన లేనిదీ ఒకటుంది: మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్. చెక్క పీటలకూ గరిటెలకూ చాలామంది పట్టించేది ఆ రకం నూనెనే. దాని అసలు ఉద్యోగం వేరే ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

షాపులో జనం ఉన్నారు. నేను గట్టిగానే అడిగాను. షాపతను ముందుకు వంగి, గొంతు తగ్గించి, "ఎన్నాళ్ళ నుంచి సార్?" అన్నాడు.

"ఏది?"

"అదే... రావట్లేదు?"

"నాకు కాదు, కత్తికి" అన్నాను.

అతను నన్ను జాలిగా చూసి, "పడుకునే ముందు రెండు చెంచాలు. నీళ్ళు బాగా తాగండి" అని సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు. వెనక నిలబడ్డ మా వీధి చివరి ఇంటాయన ఏమీ వినన‌ట్టు పైకప్పు వంక చూశాడు. మర్నాడు ఆయన భార్య మా ఆవిడకు గోడ మీదుగా త్రిఫల చూర్ణం అందించింది.

కత్తి మాత్రం మెరిసింది. అంత అందంగా ఉన్నదానికి వెన్న పూయబుద్ధి కాక మఖమల్ పెట్టెలో పెట్టి మూతేశాను. కార్తీకంలో వానలు పట్టాయి. మా వైపు ఎక్కువ వాన అప్పుడే కదా. ముసురు వదిలాక పెట్టె తెరిస్తే చిలక ఒళ్ళంతా తెల్లటి బూజు. నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి రుద్దుతుంటే మా ఆవిడ వచ్చి చూసి, "గాలి తగలనివ్వాలి కదండీ పాపం" అంది. ఆ పాపం ఎవరికో చెప్పలేదు.

ఇంతకీ ఆవిడ కత్తి సంగతి చెప్పలేదు కదూ. దాంతో ఆవిడ రోజూ పళ్ళేల్లోంచి ఇడ్లీలు లేపుతోంది! ఒక్కటి విరగదు, పళ్ళెం మీద గీత పడదు. మిక్సీ జారులో అంటుకున్న పచ్చడి గీకేదీ దాంతోనే. కడుగుతుంది, తుడుస్తుంది, గరిటెలతో పాటు గ్లాసులో నిలబెడుతుంది. నా పరిశోధన ఏదీ అంటకుండా అది నున్నగా, తేనె రంగు తేలి ఉంది. మొన్న వీడియోలో చూసి అమ్మాయి, "అమ్మా, అచ్చం ఇక్కడివాటిలాగే ఉంది! మా ఆఫీసువాళ్ళకు ఒక పది పంపించవా?" అంది. చిలకను నేను కెమెరా ముందుకు తెస్తున్నంతలో కాల్ అయిపోయింది.

పది కత్తులూ వచ్చాయి. అన్నీ ఆవిడే ఎంచింది. నన్ను బస్టాండులో సంచీ పట్టుకుని నిలబడమంది. పంపేముందు అన్నింటికీ నూనె పట్టించాలన్నది మాత్రం నా మాటే నెగ్గింది. అయితే సీసా తేవడానికి నేను వెళ్ళనన్నాను. ఆవిడే వెళ్ళి అడిగిందట. షాపతను సీసా తీసిస్తూ, "సార్‌కి ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడట.

"ఏం చెప్పావు?" అన్నాను.

"ఇంకా అలాగే ఉన్నారని చెప్పా. పెద్ద సీసా ఇచ్చాడు."