సన్‌రూఫ్ కొన్నవాడికే సంగీతం

కారు కంపెనీలకు మన చెవుల మీద ఉన్న శ్రద్ధ కన్నతల్లికి కూడా ఉండదు. ఎవరికి ఎన్ని చెవులుండాలో వేరియంటును బట్టి ముందే లెక్కగట్టి పెట్టారు. బేస్ మోడల్ కొన్నవాడికి అసలు చెవులే లేవు. వాడి కోసం డాష్‌బోర్డు మధ్యలో ఒక ఖాళీ గూడు, దానికో నల్ల ప్లాస్టిక్ మూత. ఒక మెట్టు పైకెక్కినవాడికి రెండు చెవులిస్తారు, ముందు తలుపుల్లో చెరొకటి. ఇంకాస్త ముట్టజెబితే వెనక సీట్లో కూర్చున్న అత్తమామలకూ మొలుస్తాయి. ఇక టాప్ ఎండ్ మహారాజు సంగతి చెప్పేదేముంది! క్రెటాలో బోస్ వారివి 8, మొన్నటి ఎక్స్‌యూవీ 700లో సోనీ వారివి 12, బీఈ 6లో హర్మన్ కార్డన్ వారివి 16. రావణాసురుడి లెక్కకు ఇంకా నాలుగే తక్కువ.

అద్దం పక్క మూలలో ట్వీటర్ గ్రిల్లు మాత్రం చాలా కార్లలో కింది వేరియంట్లకు కూడా ఇస్తారు. చిన్న చిన్న కన్నాలతో ముచ్చటగా ఉంటుంది. గోటితో లేపి చూస్తే వెనక ట్వీటరుండదు, గాలి ఉంటుంది. తక్కువ డబ్బిచ్చినవాడి కోసం కన్నాల్లేని మూతకు ఇంకో అచ్చు పోయించడం దండగని కన్నాలు అందరికీ పంచి, పాట కొందరికే ఇచ్చారు.

పోనీ, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఆ మంచి స్పీకర్లే ఇవ్వండయ్యా అని షోరూముకు వెళ్లి అడగండి.

"బాబూ, మిడ్ వేరియంటులో ఆ 8 స్పీకర్ల సెట్టు వేసిస్తారా? డబ్బు కడతాం."

"అలా రాదు సార్. అది కావాలంటే టాప్ ఎండే. దాంతో మీకు సన్‌రూఫ్, వెంటిలేటెడ్ సీట్లు, యాంబియంట్ లైటింగ్, చుట్టూ కెమెరాలు కూడా వస్తాయి సార్."

ఘంటసాల పాట వినాలంటే వీపు కింద ఫ్యాను ఎందుకు తిరగాలో ఆ కుర్రాడికీ తెలియదు, పాపం. మే నెలలో రెంటచింతల వైపు వెళ్లేవాడు సన్‌రూఫ్ తెరిచి ఏం చూస్తాడో అసలే తెలియదు. అయినా పద్ధతి పద్ధతే. స్పీకరు కారులో పుట్టింది కాబట్టి కారు మీద పడేదంతా దాని మీదా పడుతుంది. పెద్ద కారైతే 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం జీఎస్టీ. ఆ మొత్తం ధర మీద లైఫ్ ట్యాక్సు, ఆపైన ఇన్సూరెన్సు, అప్పు తీరేదాకా వడ్డీ. ఏడేళ్ల ఈఎంఐలో స్పీకరు వాటా తీరేసరికి దాని కోను చుట్టూ ఉన్న రబ్బరు అంచు బీటలిచ్చినా ఆశ్చర్యం లేదు.

అంత పెట్టి కొన్నది పాటనా, బ్యాడ్జీనా? గ్రిల్లు మీద వెండి అక్షరాలు చూసి మురిసిపోయే ముందు ఒక వంశవృక్షం గీసుకోవడం మంచిది. టాటా కార్లలో మెరిసే జేబీఎల్, మహీంద్రాలో హర్మన్ కార్డన్, మారుతి విక్టోరిస్‌లో ఇన్ఫినిటీ, లెక్సస్‌లో మార్క్ లెవిన్‌సన్. పేర్లు వేరు, గోత్రం ఒకటే: హర్మన్ ఇంటర్నేషనల్. బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ కారు విభాగాన్ని 2015లో వాళ్లే కొన్నారు. ఆ హర్మన్‌ను 2017లో సుమారు 800 కోట్ల డాలర్లు పోసి శాంసంగ్ కొన్నది. అంటే "మా కారులో ఉన్నది మీ దాంట్లో లేదు" అని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాదించుకునే ఇద్దరు బావగార్లూ చివరికి ఒకే కొరియా సేఠు ఖాతాలో జమ వేస్తున్నారు. మీసాలు ఎవరు మెలేసినా లాభం ఆయనకే.

ఇంకో వింత అర్కామిస్. మారుతి బ్రోచర్లో ఆ పేరు చదివి, డోర్ గ్రిల్లులో అర్కామిస్ స్పీకరు కోసం వెతికే అమాయకులు ఇంకా ఉన్నారు. అది స్పీకరు కాదు, ఫ్రెంచి కంపెనీ వారి సాఫ్ట్‌వేర్. ఉన్న స్పీకర్లనే కాస్త నచ్చజెప్పి పాడిస్తుంది. నచ్చజెప్పడానికీ హద్దుంటుంది కదా.

అయితే ఫ్యాక్టరీ వాడికి ఒక్క విషయంలో దణ్ణం పెట్టాలి. ఆ కారు లోపల ఎంత చోటుందో, సీటు గుడ్డ ఎంత శబ్దం మింగుతుందో, డ్రైవరు తల ఎక్కడ ఉంటుందో వాడికి ముందే తెలుసు. మైకులు పెట్టి కొలిచి, ఆ కొలతలకు తగ్గట్టు ఆంప్లిఫయర్‌ను దిద్దుతాడు. 1983 మోడల్ క్యాడిలాక్‌లలో బోస్ వేసి జనరల్ మోటార్స్ ఆ దారి చూపించింది. అలా సర్దిన సెట్టులోంచి ఒక స్పీకరు పీకి బజారు స్పీకరు పెడితే పాట బాగుపడదు సరికదా, చాలాసార్లు చెడుతుంది. లోపలి స్పీకర్లు వేరే ఓములకు చేసినవి, ఆంప్లిఫయర్ దిద్దుబాట్లు వాటి లోపాలకు తగ్గట్టు వేసినవి. చాలా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్ తగ్గించేస్తాయి, బలహీనమైన కోను చిరిగిపోకుండా. మీరు పాతిక వేలు పోసి వేయించిన స్పీకరుకు కూడా ఆ పథ్యం కూడే అందుతుంది.

ఇదంతా తట్టుకోలేనివాడు కార్ డెకార్స్‌కు పరిగెడతాడు. మన ఊళ్లలో ఆ పేరు లేని మెయిన్‌రోడ్డు లేదు. అక్కడ మాట ఒకటే.

"టెన్షన్ పడకన్నా. కటింగ్ లేదు, కప్లర్ టు కప్లర్. ఇది 500 వాట్స్. అద్దాలు వణికిపోతాయి."

ఆ వాట్ల సంగతి ఒకసారి తేల్చుకుందాం. ఇంజను నడుస్తుంటే కారు కరెంటు సుమారు 14.4 వోల్టులు. స్పీకరు మామూలుగా 4 ఓములు. 14.4ను 14.4తో గుణించి 4తో భాగిస్తే 51.84. స్టీరియో అట్ట మీద "50 వాట్స్ × 4" అని పదేపదే కనిపించే అంకె పుట్టిల్లు ఇదే. పాటంతా ఒకే చదునైన బర్రుమనే మోత అయితే వచ్చే అంకె అది. మనిషి గొంతు, వీణ, మృదంగం ఆ ఆకారంలో ఉండవు. సజావైన అలకు అందులో సగమే, 26 లోపు. గొంతు పగలకుండా చేతికొచ్చేది 20 దగ్గర ఆగిపోతుంది. ప్రత్యేకంగా ఆంప్లిఫయర్ పెట్టి వోల్టులు పెంచితే తప్ప ఈ లెక్కను ఏ జపాన్ వాడూ దాటలేడు, ఏ చైనా వాడూ దాటలేడు. మన కార్ డెకార్స్ అన్న మాత్రం రోజుకు పదిసార్లు దాటుతాడు.

నమ్మకపోతే స్టీరియో వెనక్కి తిప్పండి. అక్కడ చిన్న ఫ్యూజు ఉంటుంది, ఆ డబ్బా మొత్తం మీద సత్యహరిశ్చంద్రుడు అదొక్కటే. దాని మీద 10 అని ఉందనుకోండి. 10 ఆంపియర్లను 14.4 వోల్టులతో గుణిస్తే 144. అంటే లోపలికి వెళ్లేదే 144 వాట్లు. అందులో వేడిగా పోయేది పోగా, తెర వెలిగించడానికి అయ్యేది అవ్వగా, బయటికి మాత్రం 200 ఎలా వస్తాయో అడిగితే "అది పీక్ పవర్ అన్నా" అంటాడు. తొంభైలలో అరచేతి వెడల్పు డెక్కులకు వేల వాట్ల పీఎంపీవో స్టిక్కర్లు అంటించిన కళ ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుంది.

ఇంకా చిత్రమేమిటంటే, వాట్లు నిజమైనా పెద్దగా ఒరిగేది లేదు. రెండింతలు చేస్తే శబ్దం 3 డెసిబెళ్లు పెరుగుతుంది, చెవికి కాస్త పెరిగిందనిపిస్తుంది. రెండింతలైనట్టు వినిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అదే 3 డెసిబెళ్లు ఒక్క వాటూ పెంచకుండా సంపాదించవచ్చు, 88కి బదులు 91 డెసిబెళ్ల సెన్సిటివిటీ ఉన్న స్పీకరు ఎంచుకుంటే చాలు. ఆ అంకె కూడా అట్ట మీదే ఉంటుంది, కానీ చిన్న అక్షరాల్లో. దాన్ని చదివిన కొనుగోలుదారుడు ఇంకా పుట్టాలి.

ఇప్పుడు డోర్ ప్యాడ్ ఊడదీస్తారు. టక్, టక్, టక్ అని మూడు క్లిప్పులు వస్తాయి, నాలుగోది విరుగుతుంది. లోపల నల్ల జిగురుతో అంటించిన పాలిథిన్ కాగితం. వానకు అద్దం మీదుగా తలుపులోకి దిగిన నీరు లోపలి వైపు రాకుండా ఆపేది అదే, కుర్రాడు దాన్ని కత్తెరతో సర్రున చీలుస్తాడు. కంపెనీ స్పీకరు బయటికొస్తుంది. ప్లాస్టిక్ చట్రం, కాగితం కోను, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద అయస్కాంతం. చేతిలోకి తీసుకుంటే కాల్చని అప్పడంలా తేలుతుంది. లక్షలు పోసి కొన్న బండిలో ఇన్నాళ్లూ పాడింది ఇదా అని యజమాని మొహం మాడిపోయే క్షణంలోనే కొట్టువాడు బిల్లు పెంచుతాడు. ఆ మొహం ఖరీదు వాడికి బాగా తెలుసు.

ఎవరూ చూడనిది ఆ స్పీకరు వెనక ఉంది. వేలి మెటికతో తలుపు రేకును కొట్టండి, డబ్బా మోగుతుంది. కారులో స్పీకరుకు పెట్టె ఆ తలుపే. దాని నిండా చెయ్యి పట్టే కన్నాలు. కోను ముందుకు నెట్టిన గాలీ వెనక్కి నెట్టిన గాలీ ఆ కన్నాల్లో కలిసిపోయి బేస్‌ను చంపేస్తాయి. రేకు అదిరి మిగతాది పాడుచేస్తుంది. అందుకని లోపల జిగురు రబ్బరుకు అల్యూమినియం అంటించిన డ్యాంపింగ్ షీట్లు వేసి కన్నాలు మూయాలి. చాలా కార్లలో స్పీకరు మార్చడం కన్నా ఇదే ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం. మనవాడు వేయించడు. బావమరిది కారెక్కితే చూపించడానికి ఏముంది అందులో? కంపెనీ వేయదు, బ్రోచర్లో ఫొటోకు పనికిరాదు. కొట్టువాడు చెప్పడు, గంటల తరబడి ఒళ్లొంచి అంటించాల్సిన పని. ఇంతమంది ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం దేశంలో ఇంకొకటి దొరకదు.

నన్నడిగితే, అలా సర్దిన బ్రాండు సెట్టు లేని కారైతే, స్టీరియోను ముట్టుకోకుండా ముందు తలుపులకు ట్వీటరు విడిగా ఉండే ఒక మంచి కాంపొనెంట్ జత, ఆ రెండు తలుపులకు షీట్లు. డబ్బు మిగిలితే నాలుగు ఛానెళ్ల చిన్న ఆంప్లిఫయర్. వెనక స్పీకర్లు ఎలా ఉన్నవి అలాగే ఉండనివ్వండి, వెనక కూర్చున్నవాళ్లు ఫోనులో రీల్స్ చూస్తున్నారు. సన్‌రూఫ్ వేరియంటుకు పెట్టే తేడాలో చిన్న ముక్కతో అయిపోతుంది. కానీ ఈ సలహాలో వెలిగేదీ మెరిసేదీ ఏదీ లేదు కనుక ఎవరూ వినరు.

ఇంతకీ కారులో పాటను జనంలోకి తెచ్చినవాళ్లలో ఒకడు బయటివాడే. 1930లో పాల్ గాల్విన్ తన స్టూడ్‌బేకర్‌లో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో రేడియో కంపెనీల సభకు వెళ్లాడు. లోపల స్టాలు దొరక్కపోతే వీధిలో కారు ఆపి వచ్చేపోయేవాళ్లకు వినిపించాడు. ఆ రేడియో పేరే మోటరోలా. ఫ్యాక్టరీ పెద్దల బుద్ధి వేరు. 1956 మోడళ్లకు క్రిస్లర్ ఏకంగా రికార్డు ప్లేయరే పెట్టింది, నిమిషానికి 16⅔ సార్లు తిరుగుతుంది. కానీ మీ ఇంట్లో ఉన్న రికార్డులు దాని మీద ఆడవు, వాళ్ల కోసం కొలంబియా చేసినవే కొనాలి. కొద్దికాలానికే మూలపడింది. బుద్ధి మాత్రం మూలపడలేదు. ఒకప్పుడు 180 మిల్లీమీటర్ల వెడల్పూ 50 ఎత్తూ ఉండే డిన్ ప్రమాణపు గూడు చాలా కార్లకు ఒకటే, ఏ స్టీరియో అయినా పట్టేది. గల్ఫ్ నుంచి వచ్చిన కోనసీమ కుర్రాడు మోసుకొచ్చిన జపాన్ డెక్కును వాళ్ల మేనమామ అంబాసిడర్‌లో హాయిగా దూర్చేవారు. ఇప్పుడు చాలా కార్లలో ఆ గూడు లేదు. ఏసీ, కెమెరా, కారు సెట్టింగులు అన్నీ ఒక తెరకు కట్టేశారు. తెర పీకితే ఏసీ పోతుంది.

పీకకపోయినా నింద తప్పదు. బయట స్పీకరు వేయించినవాడు వైపరు తిరగడం లేదని సర్వీసు సెంటరుకు వెళ్లినా సలహాదారు మొదటి ప్రశ్న ఒకటే: "బయట స్టీరియో పని చేయించారా సార్?" టైరు పంక్చరైనా అదే ప్రశ్న అడగగల సత్తా ఉన్నవాళ్లు వాళ్లు.

ఇక కొన్నవాడి సంగతి. డిక్కీ నిండా సబ్‌వూఫర్ పెట్టించాడు. సంక్రాంతికి ఊరు బయల్దేరితే సూట్‌కేసులు ఒళ్లోకి వచ్చాయి, పంతంగి టోల్‌గేటు దగ్గర క్యూలో అత్తగారు అరిసెల డబ్బా తల మీద పెట్టుకుని కూర్చున్నారు. వెనక నంబరు ప్లేటు మాత్రం గజ్జెకట్టి ఆడుతోంది. వినేది ఎవరో పంపిన వాట్సాప్ పాట, నాలుగుసార్లు పిండి పంపిన ఫైలు, బ్లూటూత్ మళ్లీ పిండుతుంది. పల్లవి అయ్యేలోపు "200 మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి" అని మ్యాపు అమ్మాయి. ఆవిడ వెనకే లోన్ రికవరీ వాళ్ల ఫోను, 12 స్పీకర్లలో, నాలుగు వైపుల నుంచి, ఇంటిల్లిపాదికీ స్పష్టంగా.

పేదా గొప్పా తేడా లేకుండా, బేస్ నుంచి టాప్ ఎండ్ దాకా కంపెనీ సమానంగా పంచిన శబ్దం ఒక్కటుంది. అదీ ప్రభుత్వం మెడ మీద కూర్చుంటే పంచింది. 2019 జూలై 1 నుంచి తయారయ్యే ప్రతి కారూ ముందు సీట్లో బెల్టు పెట్టుకోకపోతే కుయ్యోమనాలి. వేగం 80 దాటితే నిమిషానికోసారి, 120 దాటితే ఆపకుండా. దీనికి సబ్‌వూఫర్ అక్కర్లేదు, బ్యాడ్జీ లేదు, తలుపు రేకుతో తగాదా లేదు. మొత్తం కారులో మనిషి ప్రాణానికి పనికొచ్చే పాట ఇదొక్కటే. దీన్ని మనవాడు ఒక్క రోజు కూడా భరించలేకపోయాడు. బెల్టు పెట్టకుండానే పెట్టినట్టు కారును నమ్మించే క్లిప్పు ఒకటి బజారులోకి దిగింది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ దుకాణాలను పిలిచి వాటి అమ్మకం మాన్పించింది. మన కార్ డెకార్స్ అన్న ఆన్‌లైన్‌లో లేడు. బిల్లు రాసి, కార్డు గీకించుకుని, సొరుగులోంచి తీసి కొసరుగా చేతిలో పెడతాడు:

"సబ్‌వూఫర్ తీసుకున్నావు కదన్నా, ఇది ఫ్రీ. ఇంక సౌండే ఉండదు."