ల్యూక్ పెళ్ళి చెల్లదట!

"అది కానన్ కాదు మావయ్యా!"

మా మేనల్లుడు ఈ మాట అన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. వాడు స్టార్ వార్స్ వాళ్ళ 'అసోకా' సిరీస్ చూసొచ్చి, త్రాన్ అనే నీలిరంగు విలన్ కొత్తగా దిగాడని నాకు పాఠం మొదలెట్టాడు. ఒరేయ్, 1991లో టిమొతీ జాన్ నవల 'ఎయిర్ టు ది ఎంపైర్'లో పుట్టిన త్రాన్‌ని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట బేరమాడి ఇంటికి తెచ్చుకున్నవాణ్ణిరా నేను! ఆ ఊపులో, అదే నవల్లో పరిచయమైన మారా జేడ్‌ని తర్వాత సినిమాల హీరో ల్యూక్ పెళ్ళాడడం, వాళ్ళకు బెన్ అనే కొడుకు పుట్టడం కూడా ఏకరువు పెట్టాను. వాడు జాలిగా చూసి ఆ మాటన్నాడు.

సంగతి ఇదీ. 2012లో డిస్నీ వాళ్ళు 400 కోట్ల డాలర్ల పైచిలుకు పోసి లూకస్‌ఫిల్మ్‌ని కొన్నారు. 2014 ఏప్రిల్‌లో, అప్పటిదాకా వచ్చిన నవలలకూ కామిక్సుకూ 'లెజెండ్స్' అని చీటీ అంటించి పక్కన కూర్చోబెట్టారు. అంటే అవి కానన్ కాదు, అధికారికంగా చెల్లే కథలో లెక్కకు రావు. కాంతిని మించిన వేగంతో పోయే ఓడలు నిజమేనట. చెయ్యి చాపితే ఎగిరొచ్చే కత్తి కూడా నిజమేనట. ల్యూక్ పెళ్ళి మాత్రం జరగలేదట.

పాపం, స్టార్ వార్స్ లోకంలో ఎవరికీ అన్యాయం జరగకూడదని తాపత్రయపడే మనుషులు ఎప్పుడూ ఉన్నారు. 1980 నాటి సినిమాలో మేఘాల నగరాన్ని ఖాళీ చేయమనగానే జనం పరుగెత్తుతారు. వాళ్ళలో నారింజరంగు బట్టల ఆసామి ఒకడు రెప్పపాటు కాలం కనిపిస్తాడు. వాడి చంకలో ఉన్నది ఐస్‌క్రీమ్ చేసే మిషను. సామ్రాజ్యం మీద పడుతుంటే వీడికి ఐస్‌క్రీమ్ ఎందుకని మామూలు ప్రేక్షకుడు నవ్వి ఊరుకుంటాడు. వీళ్ళు ఊరుకోలేదు. విల్‌రో హుడ్ అని బారసాల చేశారు. గ్యాస్ గనిలో ఉద్యోగం వేయించారు. చంకలోది ఐస్‌క్రీమ్ మిషను కాదని, తిరుగుబాటుదారుల పేర్లు దాచిన కంప్యూటర్ భాగమని తేల్చారు. ఊరు ఖాళీ చేయమంటే మా ఆవిడ వెట్ గ్రైండర్ చంకనెత్తుకుంటుంది. ఆమెకు ఇలాంటి గౌరవం దక్కుతుందా? అక్కడితో ఆగిందా! అభిమానుల ఉత్సవాల్లో జనం నారింజ బట్టలు తొడుక్కుని, ఐస్‌క్రీమ్ మిషన్లు పట్టుకుని గుంపులుగా పరుగెత్తుతారు. చివరికి 2019లో 'ది మాండలోరియన్'లో అదే ఆకారం విలువైన లోహం దాచుకునే పెట్టెగా ప్రత్యక్షమైంది. అంటే ఐస్‌క్రీమ్ మిషనుకు ధ్రువపత్రం వచ్చింది. ల్యూక్ పెళ్ళికి రాలేదు!

పక్కన పెట్టిన ఆ పుస్తకాలన్నీ ఆణిముత్యాలని నేననను. మార్వెల్ కామిక్స్‌లో జాక్సన్ అనే ఆకుపచ్చ కుందేలు తుపాకీ పట్టుకు తిరిగింది. 1999లో వచ్చిన 'వెక్టర్ ప్రైమ్' నవల్లో ల్యూక్ నేస్తం చ్యూబాకాని చంపడానికి ఏకంగా ఒక చంద్రుణ్ణే నెత్తిన పడేశారు. 'డార్క్ ఎంపైర్' కామిక్‌లో చచ్చిన చక్రవర్తి కొత్త ఒంటితో లేచొస్తే, ఇదేం చోద్యమని నవ్వుకున్నాం. 2019 సినిమాలో అదే చక్రవర్తి మళ్ళీ లేచొచ్చాడు. ఇప్పుడది నిజం! త్రాన్ కావాలి, చచ్చి బతికే చక్రవర్తి కావాలి, మారా మాత్రం అక్కర్లేదు. కూరలో కరివేపాకు తీసేసినట్టు తీసేశారు.

మన దగ్గర ఈ గొడవ లేదు. వ్యాసభారతంలో శశిరేఖ లేనే లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. అయినా 1957లో 'మాయాబజార్' వచ్చిన నాటి నుంచి తెలుగువాళ్ళు శశిరేఖాభిమన్యుల పెళ్ళికి వెళ్ళి వస్తూనే ఉన్నారు. అది చెల్లదని ఎవరూ నోటీసు ఇవ్వలేదు. వ్యాసుణ్ణి ఎవరూ కొనలేదు కదా!

ఇంత గింజుకోవడానికి కారణం వేరే ఉంది. సినిమాల మధ్య ఏళ్ళకేళ్ళు ఖాళీ ఉన్నప్పుడు, ఆ నవలల్లో ల్యూక్‌కి నాతో పాటే వయసు మళ్ళుతూ వచ్చింది. పెళ్ళయింది, కొడుకు మాట వినని వయసుకొచ్చాడు, జుట్టు నెరిసింది. 2007లో 'శాక్రిఫైస్' నవల్లో మారా చనిపోయింది. ఆ పుస్తకం మూసేశాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. తర్వాత ఏడేళ్ళకు, అసలామె పుట్టనే లేదన్నారు. పోయిన మనిషినైతే తలుచుకుని బాధపడొచ్చు, నలుగురూ అర్థం చేసుకుంటారు. లేనే లేదన్న మనిషి కోసం పడ్డ దిగులును ఏ పద్దు కింద రాసుకోవాలో నాకు తెలియడం లేదు.